హెల్మెట్‌లో ఎవరి మాట ముందు?

కొండ దిగుతున్నాం. వాన అప్పుడే ఆగింది. నా స్నేహితుడి బైక్ నాకంటే ఓ 80 మీటర్లు ముందుంది. అతను మలుపు తిరిగి కనుమరుగయ్యాడో లేదో, రైడర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఇంటర్‌కామ్‌లో అతని గొంతు వినిపించింది. “ఒరేయ్, ముందు కం...” అంతే. కత్తిరించినట్టు ఆ మాట ఆగిపోయింది. దాని చోట నావిగేషన్ గొంతు తీరిగ్గా మొదలైంది. “800 మీటర్ల తర్వాత, కుడివైపు తిరగండి.” ఆ వాక్యం పూర్తయ్యేలోపే నేను కంకర మీదున్నాను. వెనక చక్రం జానెడు పక్కకి జారి, మళ్లీ పట్టు దొరికించుకుంది. పడలేదు.

కొంత దూరం పోయాక బండ్లు ఆపాం. “చెప్పాను కదరా” అన్నాడు. నిజమే, చెప్పాడు. నాకే చేరలేదు. వాల్యూమ్ తక్కువై కాదు, ఆ రోజు వాల్యూమ్ దాదాపు చివరిదాకా పెట్టి ఉంది. నా హెల్మెట్‌లో ఎవరి మాట ముందు రావాలో నేనెప్పుడూ ఆలోచించలేదు. నేను తేల్చని పనిని నా బదులు హెల్మెట్‌లో బిగించిన బ్లూటూత్ హెడ్‌సెట్ తేల్చేసింది. 800 మీటర్ల అవతల ఉన్న మలుపుకి పెద్దపీట వేసి, 80 మీటర్ల దూరంలో ఉన్న కంకరని పక్కకు నెట్టింది.

అప్పటినుంచి దీని గురించి చాలా ప్రయోగాలు చేశాను, చాలామంది రైడర్లతో వాదించాను. దూర ప్రయాణాలు చేసే టూరింగ్ బైక్ మీద ఆడియో అనగానే అందరూ స్పీకర్లు ఎంత పెద్దవి, ఎంత గట్టిగా వినిపిస్తాయి, ఏ హెడ్‌సెట్‌లో బేస్ బాగుంటుంది అనే మాట్లాడతారు. నా వాదన వేరు. మనకు కావలసింది పెద్ద శబ్దం కాదు, శబ్దాల మధ్య ఒక వరస. అన్నిటికంటే ముందు రోడ్డు: వెనక హారన్, టైరు చప్పుడు, ఇంజిన్ తీరు. తర్వాత తోటి రైడర్ హెచ్చరిక. ఆ తర్వాత దారి. పాటలు చివర. ఫోన్ కాల్‌కి ఈ వరసలో అసలు చోటే లేదు.

హెడ్‌సెట్ల లెక్క దాదాపు దీనికి తలకిందులుగా ఉంటుంది. నేను చదివిన మాన్యువల్స్‌లో ఫోన్ కాల్‌దే అగ్రస్థానం. ఇంటర్‌కామ్‌లో మాట్లాడుతున్నా, పాట వింటున్నా, కాల్ వస్తే అన్నీ పక్కకు జరగాల్సిందే. బ్లూటూత్ హెడ్‌సెట్ పుట్టిందే ఫోన్ కోసం కాబట్టి ఆ అలవాటు అలాగే వచ్చేసింది. కొన్నిటిలో ఇంకో సదుపాయం కూడా ఉంటుంది, రింగ్ అవుతున్నప్పుడు గట్టిగా ఏ మాట అన్నా కాల్ ఎత్తేస్తుంది. గాలి హోరుకీ మాటకీ తేడా అది ఎప్పుడూ సరిగ్గా పోల్చుకోలేదు. వంపులో బైక్ వంచి ఉన్నప్పుడు చెవిలో “హలో, వినపడుతోందా?” అని ఎవరో అడగడం ఏం సదుపాయం? కొత్త హెడ్‌సెట్ చేతికొస్తే నేను మొదట ఆఫ్ చేసేది దీన్నే.

లోపల ఏం జరుగుతోందో కొంచెం తెలిస్తే ఈ గొడవ అర్థమవుతుంది. బ్లూటూత్‌లో శబ్దం రెండు వేరువేరు దారుల్లో వస్తుంది. పాటల దారి పేరు ఏ2డీపీ. ఇది స్టీరియో, నాణ్యత బాగుంటుంది, కానీ ఒకవైపే పోతుంది. కాల్స్ దారి హెచ్ఎఫ్‌పీ. ఇది రెండువైపులా పోతుంది, మైక్ పనిచేస్తుంది, కానీ మోనో, అంటే రెండు చెవులకీ ఒకే శబ్దం. దీని పాత రకం శబ్దాన్ని సెకనుకు 8 వేల సార్లే కొలుస్తుంది, అంటే అందులో సగం, 4 వేల హెర్ట్జ్ దాటిన శబ్దం అసలు రాదు. కొత్త రకం 16 వేల సార్లు కొలుస్తుంది. “స”, “శ” లాంటి అక్షరాల పదునంతా 4 వేల హెర్ట్జ్‌కి పైనే ఎక్కువ ఉంటుంది. కాల్ మొదలవగానే పాట డబ్బాలోంచి వచ్చినట్టు అయిపోవడానికి, గొంతులు ముద్దగా వినపడటానికి కారణం ఇదే. మామూలుగా ఒక దారి నడుస్తుంటే రెండోది ఆగుతుంది. ఇంటర్‌కామ్‌కీ నావిగేషన్‌కీ మధ్య కూడా అంతే. కొత్త హెడ్‌సెట్లలో ఇంటర్‌కామ్ మీద నావిగేషన్‌ని సన్నగా కలిపి వినిపించే ఏర్పాటు ఉంటోంది. నా పాతదానిలో లేదు. అందుకే ఆ రోజు “కం...” దగ్గర కత్తెర పడింది.

ఇక నావిగేషన్ గొంతు. అది ఏ దారిలో రావాలో మన చేతుల్లోనే ఉంటుందని చాలామందికి తెలియదు. కొన్ని యాప్‌లలో ఈ గొంతును ఫోన్ కాల్‌లా పంపే సెట్టింగ్ ఉంటుంది, వేజ్ అనే నావిగేషన్ యాప్‌లో ఉంది. బైక్ సిస్టమ్‌లో ఎఫ్ఎం రేడియో నడుస్తున్నప్పుడు ఫోన్ నుంచి పాటల దారిలో వచ్చే గొంతును బైక్ పట్టించుకోదు, ఎందుకంటే అప్పుడు దాని చెవి రేడియో మీదుంది. కాల్‌గా వస్తే మాత్రం రేడియోని ఆపి వినిపిస్తుంది. ఆ సెట్టింగ్ వల్ల ఉపయోగం అది. దానికి చెల్లించే మూల్యం, ప్రతి సూచనకీ మొత్తం ఆడియో ఒకసారి కాల్‌లోకి పోయి మళ్లీ వెనక్కి రావడం. ఊళ్లో, నిమిషానికి మూడు మలుపులుంటే తల తిరిగిపోతుంది. రేడియో వినని నాలాంటివాళ్లకు అది అనవసరం.

నన్ను చాలా రోజులు వేధించిన సమస్య ఇంకొకటుంది. నావిగేషన్ గొంతు నేను తెలుగులో పెట్టుకుంటాను. హెల్మెట్‌లో వేరే శబ్దం ఏదీ లేనప్పుడు ఫోన్ పాటల దారిని నిద్రపుచ్చుతుంది. సూచన చెప్పాల్సి వచ్చినప్పుడు దాన్ని మళ్లీ లేపుతుంది. లేవడానికి ఓ అర సెకను పడుతుంది, ఆ అర సెకనులో పలికిన మాట గాల్లో కలిసిపోతుంది. ఇంగ్లీషులో అయితే “టర్న్” పోయినా “లెఫ్ట్” మిగులుతుంది. తెలుగులో దిక్కు ముందొస్తుంది, క్రియ చివరొస్తుంది. “ఎడమవైపు తిరగండి” అన్నదానిలో మొదటి ముక్క పోతే మిగిలేది “వైపు తిరగండి.” ఏ వైపు? కుడి అయినా ఎడమ అయినా మిగిలే తోక ఒక్కటే. కూడలి మధ్యలో ఉండగా తిరగమన్నారని మాత్రమే తెలిసి, ఎటో తెలియకపోవడం అసలేమీ వినపడకపోవడం కంటే టెన్షన్. నేను కనుక్కున్న ఉపాయం, ఆ దారిని నిద్రపోనివ్వకపోవడం. చాలా తక్కువ వాల్యూమ్‌లో ఏదో ఒక వాద్య సంగీతం నడుస్తూ ఉంటే చాలు. నాకు పాట వినాలని ఉన్నా లేకపోయినా అది పెడతాను. సూచన రాగానే సంగీతం తగ్గుతుంది, మాట మొదటి అక్షరంతో సహా వినపడుతుంది.

ఇంత చేసినా గాలి ముందు ఇదంతా చిన్న విషయమే. టూరింగ్ బైక్ వేగంలో హెల్మెట్ లోపల వినిపించే హోరులో ఎక్కువ భాగం ఇంజిన్‌ది కాదు, గాలిది. గంటకు 100 కి.మీ. వేగంలో హెల్మెట్‌ని, విండ్‌షీల్డ్‌ని బట్టి అది 90 డెసిబెల్ దాటి 100 దాకా పోతుంది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్ శబ్దంలో రోజుకి 8 గంటలు ఉండొచ్చు. అక్కడినుంచి ప్రతి 3 డెసిబెల్‌కి ఆ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 94కి గంట, 100కి 15 నిమిషాలు. మనం రోజుకి ఆరేడు గంటలు నడుపుతాం. ఆ హోరు మీద పాట వినపడాలంటే దానికంటే గట్టిగా పెట్టాలి. అంటే అప్పటికే హద్దు దాటిన చోట ఇంకా పోస్తున్నామన్నమాట. సాయంత్రం హోటల్ గదిలో చెవుల్లో సన్నగా ఈల మోగుతుంటే చాలామంది దాన్ని ప్రయాణం అలసట అనుకుంటారు. దెబ్బతిన్న చెవి పెట్టే మొర అది. లోపలి చెవిలోని సన్నని వెంట్రుక కణాలు ఒకసారి పోతే మళ్లీ మొలవవు.

అందుకే ఆడియో బాగుండాలంటే ముందు ఏం కొనాలని ఎవరడిగినా నా జవాబు ఇయర్‌ప్లగ్‌లు. వినడానికి చెవులు మూసుకోమనడం వింతగా తోస్తుంది. కానీ ఒక్కసారి ప్రయత్నించి చూడండి. ప్లగ్ గాలినీ స్పీకర్‌నీ రెండిటినీ తగ్గిస్తుంది, నిజమే. కానీ స్పీకర్‌ని మనం పెంచుకోగలం, గాలిని ఎవరూ పెంచరు. పైగా హోరు తగ్గిన చెవి మాటని విడదీసి పట్టుకుంటుంది. గాలి హోరు ఎక్కువగా లోతైన శబ్దం. గట్టిగా ఉన్న లోతైన శబ్దం తనకంటే పైనున్న శబ్దాలని కూడా కప్పేస్తుంది, మన చెవి నిర్మాణమే అలాంటిది. ఆ మూత కొంత తొలగగానే మాటలోని హల్లులు బయటపడతాయి. నురుగు ప్లగ్‌లు పై శబ్దాలని కొంచెం ఎక్కువే మింగుతాయి కాబట్టి, శబ్దంలో ఏ స్థాయి ఎంత ఉండాలో సరిచేసే ఈక్వలైజర్‌లో బేస్ తగ్గించి, మధ్య, పై స్థాయిలు పెంచుకోవాలి. బేస్ పెంచడమంటే గాలి ఇప్పటికే నింపేసిన చోటనే ఇంకా నింపడం.

“ప్లగ్‌లు పెట్టుకుంటే హారన్ వినపడదు కదా” అంటారు. ఇది తీసిపారేయాల్సిన మాట కాదు. ఊళ్లో, 30, 40 వేగంలో గాలి హోరు లేదు. అక్కడ ప్లగ్ నిజంగానే కొంత దాచేస్తుంది, నేను కూడా ఊరు దాటాకే పెట్టుకుంటాను. కానీ హైవే మీద ప్లగ్ లేని చెవికి హారన్ వినపడుతుందనుకోవడం భ్రమ. అక్కడ హారన్‌ని కప్పేది గాలి. ప్లగ్ గాలినీ హారన్‌నీ రెండిటినీ దాదాపు సమంగానే తగ్గిస్తుంది, హారన్ గాలికంటే ఎంత పైనుందో ఆ తేడా మిగులుతుంది. ఇందులో చట్టం సంగతి కూడా ఉంది. ఫ్రాన్స్‌లో 2015 జులై 1 నుంచి బండి నడుపుతూ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం నిషేధం, హెల్మెట్‌లో బిగించిన స్పీకర్లకు ఆ నిషేధం లేదు. కాలిఫోర్నియాలో రెండు చెవులూ మూసే హెడ్‌సెట్‌ల మీద నియమం ఉంది. ఎక్కడ నడుపుతుంటే అక్కడి నియమం ముందే చూసుకోవాలి.

విండ్‌షీల్డ్ విషయం చిన్నదే కానీ చెప్పకుండా ఉండలేను. ఎత్తు పెంచితే నిశ్శబ్దం పెరుగుతుందని రూలేమీ లేదు. అంచు దగ్గర విరిగిన గాలి సుడులు తిరుగుతూ సరిగ్గా హెల్మెట్‌ని కొడితే హోరు పెరుగుతుంది. రెండు మూడు సెంటీమీటర్ల తేడాతో మొత్తం మారిపోవచ్చు. నడుపుతూ ఒకసారి కొద్దిగా లేచి, ఒకసారి కొద్దిగా వంగి చూస్తే ప్రశాంతత ఎక్కడుందో తెలుస్తుంది. హెడ్‌సెట్‌కి పెట్టే డబ్బు కంటే ముందు ఈ పది నిమిషాలు పెట్టాలి.

అలాగే హెల్మెట్‌లో స్పీకర్ ఉండే చోటు. లోపల పాకెట్ ఇచ్చారు కదా అని అందులో అతికించేస్తాం. ఆ పాకెట్ మన చెవి రంధ్రానికి సరిగ్గా ఎదురుగా ఉండాలని లేదు. పాట పెట్టి, స్పీకర్‌ని వేళ్లతో చెవి దగ్గర పట్టుకుని అటూ ఇటూ జరిపి చూడండి. ఒక సెంటీమీటర్ పక్కకు పోతే బేస్ మాయమవుతుంది, గొంతు దూరమవుతుంది. సరైన చోటు దొరికాక అక్కడే అతికించి, వెనక మెత్త పెట్టి చెవికి తగిలీ తగలనట్టు తేవాలి. నా హెడ్‌సెట్ బాగోలేదని రెండేళ్లు అనుకున్నాను. బాగోలేనిది అతికించిన చోటు.

బైక్ మీద ఉండే పెద్ద స్పీకర్ల గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. హోండా గోల్డ్‌వింగ్ లాంటి బైక్‌ల మీద ఫెయిరింగ్‌లో, అంటే ముందు భాగాన్ని కప్పే తొడుగులో, స్పీకర్లు దశాబ్దాలుగా ఉన్నాయి, వాటి వెనక ఉన్న పనితనాన్ని గౌరవిస్తాను. తక్కువ వేగంలో, మంచి సాయంత్రం పూట అవి ఇచ్చే హాయి హెల్మెట్ స్పీకర్ ఇవ్వదు. కానీ నావిగేషన్‌కి అవి పనికిరావు. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్ తగ్గుతుంది. ఫెయిరింగ్ నుంచి చెవికి అర మీటరు పైనే దూరం, మధ్యలో గాలి, హెల్మెట్ గోడ. ఆ అడ్డంకులన్నీ దాటి ఒక వాక్యం చేరాలంటే పక్కనున్న కారువాళ్లు కూడా మన మలుపు తెలుసుకునేంత గట్టిగా పెట్టాలి. వేగంతోపాటు వాల్యూమ్ దానంతటదే పెరిగే ఏర్పాటు ఉన్న బైక్‌లలో కూడా అది వేగాన్నే చూస్తుంది, ఎదురుగాలిని చూడదు. సిగ్నల్ దగ్గర మన పాట అందరూ వినాలనుకోవడం వాళ్ల చెవుల మీద మన పెత్తనం. నేను ఆ స్పీకర్లని నావిగేషన్‌కి పూర్తిగా ఆపేస్తాను.

కొత్త బైక్‌లలో చిక్కు ఇంకో రకం. గోల్డ్‌వింగ్‌కి 2018 మోడల్‌తో, ఐఫోన్ యాప్‌లని బైక్ తెర మీద చూపించే ఆపిల్ కార్‌ప్లే వచ్చింది, మోటార్‌సైకిళ్లలో అదే మొదటిది. అందులో కార్‌ప్లే తెరుచుకోవాలంటే మైక్ ఉన్న హెడ్‌సెట్ బైక్‌కి కలిసి ఉండాలి. హార్లీ-డేవిడ్‌సన్ బైక్‌లలోని తెర, ఆడియో వ్యవస్థ బూమ్ బాక్స్ జీటీఎస్‌లోనూ ఇలాగే. తెర మీద వేలు పెట్టే పని తగ్గి నోటితో చెప్పే పని పెరగాలి కాబట్టి ఈ షరతు నాకు సబబుగానే తోస్తుంది. తంటా వచ్చేది మనం చేసే పెయిరింగ్‌తో. ఫోన్‌ని బైక్‌కి కలుపుతాం. హెడ్‌సెట్‌ని బైక్‌కి కలుపుతాం. అలవాటు కొద్దీ ఫోన్‌ని హెడ్‌సెట్‌కి కూడా నేరుగా కలిపే ఉంచుతాం. ఇప్పుడు చెవికి రెండు దారులు. పాట బైక్ మీదుగా, సూచన నేరుగా, కాల్ ఎటొస్తుందో ఆ రోజు ఏది ముందు ఆన్ అయిందో దాన్ని బట్టి. హెడ్‌సెట్ పాడైందని అనుకుని మార్చేసినవాళ్లు నాకు తెలుసు.

గొలుసు ఒక్కటే ఉండాలి. ఫోన్, బైక్, హెడ్‌సెట్ అనే వరస ఎంచుకుంటే ఫోన్‌లోంచి హెడ్‌సెట్‌ని పూర్తిగా తీసేయాలి, హెడ్‌సెట్‌లోంచి ఫోన్‌ని కూడా. ఫోన్ నేరుగా హెడ్‌సెట్‌కి అనుకుంటే బైక్‌ని ఆడియో నుంచి తప్పించాలి. నేను రెండోది ఎంచుకున్నాను, ఎందుకంటే దారిలో ఏదైనా చెడితే వెతకాల్సిన చోట్లు తక్కువ. ఆండ్రాయిడ్‌లో ప్రతి బ్లూటూత్ పరికరానికీ కాల్స్, మీడియా అని విడివిడిగా బటన్లుంటాయి. హెడ్‌సెట్‌కి కాల్స్ బటన్ ఆపేశాను. ఇప్పుడు ఏ కాల్ వచ్చినా హెల్మెట్‌లోకి రాదు. ఫోన్‌కి మాటల్లో పని చెప్పడం కూడా పోయింది. పోనీ. బండి ఆపినప్పుడు చెబుతాను.

వాల్యూమ్ ఎన్ని చోట్ల ఉందో లెక్కపెట్టండి. ఫోన్ మీడియా వాల్యూమ్, కాల్ వాల్యూమ్, యాప్‌లో సూచనల వాల్యూమ్, హెడ్‌సెట్‌లో ఒక్కోదానికి ఒక్కోటి. గ్లోవ్స్ వేసుకున్న ఎడమ చేత్తో నడుస్తూ పెంచేది వీటిలో ఏదో ఒకటే, ఆ క్షణంలో ఏది మోగుతోందో అది. సూచన ముగిశాక నొక్కితే పాట పెరుగుతుంది, మాట పెరగదు. అందుకే ఫోన్‌లో ఉన్నవన్నీ ఇంటి దగ్గరే పైకి పెట్టి కదలకుండా ఉంచుతాను, సూచనల వాల్యూమ్ పాట కంటే ఒక మెట్టు ఎక్కువ. రోడ్డు మీద ముట్టుకునేది హెడ్‌సెట్ బటన్ ఒక్కటే.

సూచనలు ఎన్ని కావాలన్నది కూడా తేల్చుకోవాలి. గంటకు 90 కి.మీ. అంటే సెకనుకు 25 మీటర్లు. నాలుగు సెకన్ల వాక్యం విన్నంతసేపట్లో 100 మీటర్లు గడిచిపోతాయి. 200 మీటర్ల ముందు చెప్పడం మొదలుపెడితే, విని ముగించేసరికి మిగిలేది నాలుగు సెకన్లు. అద్దం చూడాలి, లేన్ మారాలి, వేగం తగ్గించాలి. కాబట్టి చెవిని మాత్రమే నమ్ముకోను. బయల్దేరే ముందు ఆ పూట దారిని తెర మీద ఒకసారి చూసి, పెద్ద మలుపులు నాలుగైదు మనసులో పెట్టుకుంటాను. అప్పుడు ఆ గొంతు నాకు తెలిసినదాన్ని గుర్తు చేస్తుంది.

పాటలు లేకపోతే నిద్రొస్తుందని ఒక వాదన ఉంది. నిద్రొస్తుంటే బండి ఆపాలి. పాట నిద్రని కాసేపు కప్పుతుంది, పోగొట్టదు.

కొన్నాళ్ల తర్వాత నేనూ ఆ స్నేహితుడూ మళ్లీ కలిసి వెళ్లాం. ఈసారి నావిగేషన్ నా హెల్మెట్‌లో లేదు. ముందు నడిచేవాడికి దారి, వెనక నడిచేవాడికి ఇంటర్‌కామ్ అని పంచుకున్నాం, గంటకోసారి మారాం. గట్టిగా అరవక్కర్లేదని కూడా ముందే అనుకున్నాం. హోరులో మనకు తెలియకుండానే గొంతు పెంచేస్తాం, లొంబార్డ్ అనే ఫ్రెంచ్ వైద్యుడు 1911లోనే గమనించిన సంగతి అది. మైక్ పెదాలకు దగ్గరగా ఉంటే మామూలు గొంతు చాలు. ఇంత ఏర్పాటు చేసుకున్నా మలుపుల్లో, కొండ అడ్డొచ్చినప్పుడు ఇంటర్‌కామ్ తెగుతుంది. అందుకే రోడ్డు మీద కంకర కనిపిస్తే అతను నోటితో చెబుతూనే కాలు కూడా ఆ పక్కకి చాపుతాడు. నేను ముందు ఆ కాలు చూస్తాను, మాట తర్వాత వచ్చి చేరుతుంది.